పిల్లల ఉండ

హిందూపురం నుంచి పెనుకొండ పోయే బస్సులో సీటు దొరక్క, పైకడ్డీ పట్టుకుని నిలబడి, దిగాక చూసుకుంటే అరచేతికి చెమట పట్టిన ఇనుము వాసన అంటుకుని ఉంటుంది. చాలామందికి అది రోత. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ధర్మవరంలో మా వీధి, సుబ్బత్త ఇంటి అరుగు, చెమటకు వేళ్ల సందున జారిపోయే ఇనుప క్రోషా సూది గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

సుబ్బత్తకూ మాకూ చుట్టరికం ఏమీ లేదు, వీధిలో పిల్లలందరికీ ఆమె అత్తే. పగలంతా పట్టుచీరల కొంగు చివర నేయకుండా వదిలిన పోగులను పాయలు తీసి కుచ్చులు ముడేసేది. సాయంత్రం మేము బడి నుంచి రాగానే ఆ పని పక్కన పెట్టి, ఆడపిల్లలను అరుగు మీద కూర్చోబెట్టుకుని లేసు అల్లడం నేర్పేది. పెనుకొండలో వాళ్ల మేనత్త దగ్గర నేర్చుకున్న విద్య అది. దిండు గలీబుల అంచులు, టీవీ మీద కప్పే గుడ్డలు, గడపకు కట్టే తోరణాలు, ఆమె చేతిలో ఏదైనా పూలు పూలుగా విచ్చుకునేది. చెనిక్కాయల కాలంలో ఉడకబెట్టిన కాయలు, ఉగాదికి నెయ్యి కారే ఓళిగలు పెట్టేది గానీ, తిన్న చేత్తో దారం ముట్టుకుంటే మాత్రం శివాలెత్తేది. సీకాయతో చేతులు రుద్దుకుని, పావడాకు తుడుచుకుని, పక్కిళ్ల మగ్గాల చప్పుడు వింటూ వరసగా కూర్చునేవాళ్లం.

కొత్తగా వచ్చిన పిల్లకు ఆమె కొత్త దారం ఇచ్చేది కాదు. ఒక మాసిన తెల్లదారం ఉండ ఉండేది, దాన్ని పిల్లల ఉండ అనేవాళ్లం. ఎవరు నేర్చుకున్నా దాంతోనే. క్రోషాలో దారపు మెలికను కన్నె అంటారు, చివరి కన్నెలోంచి సూది తీసి దారం లాగితే చాలు, ఎన్ని పూటలు కూర్చుని అల్లిందైనా సర్రుమని విడిపోతుంది. మేము అల్లింది సుబ్బత్త వెలుగులో పట్టి చూసి, కింది వరసలో ఒక్క కన్నె తప్పినా నిర్దాక్షిణ్యంగా లాగేసి, మళ్లీ ఉండకు చుట్టేసేది. తప్పు లేకపోయినా లాగేసేది, తర్వాతి పిల్లకు దారం కావాలి గదా. ఆ ఉండతో చెయ్యి కుదిరాకే సొంత దారం. మా వీధిలో ఏ ఆడపిల్ల దగ్గరా తన మొదటి లేసు ఉండేది కాదు.

నా క్లాసులోనే చదివే సరోజది తాడిమర్రి పక్క పల్లె. గొర్రెలు మేపుకునే వాళ్ల పిల్ల, చదువు కోసం మా వీధిలో అవ్వ దగ్గర ఉండేది. దానిది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుని నేర్పితే దానికి అంతా తిరగబడేది. అందుకని సుబ్బత్త దాని ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చునేది. అద్దంలో చూసినట్టు ఆమె కుడిచెయ్యి చూసి అది ఎడమచెయ్యి ఆడించేది. మా ఎవరికీ ఇంకా కుదరని సుబ్బత్త లేసు పువ్వు దానికి కుదిరింది. ఇప్పుడు ఒప్పుకుంటాను, నాకు కుళ్లు పుట్టింది.

“ఈ పొద్దు అల్లిన పువ్వొక్కటీ ఇప్పొద్దత్తా, సెలవల్లో ఊరికి పోతాండా, మా యమ్మకు సూపిస్తా,” అంది సరోజ.

“బాగుండాది లేవే. దీనికన్నా మంచిది సొంత దారంతో అల్లుదువు. అది సూపిద్దువు మీ యమ్మకు,” అంటూనే సుబ్బత్త దారం లాగింది.

ఆ సెలవుల్లోనే సరోజకు జ్వరం వచ్చింది. పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయిందట. బడి తెరిచాక దాని అవ్వ చెబితే మాకు తెలిసింది. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, భయమేసింది.

కొన్నాళ్లకు వాళ్లమ్మ వచ్చింది. ఎండకు కమిలిన మనిషి, అరుగు ఎక్కకుండా కిందే నిలబడింది.

“అక్కా, మా సరోజ నీ దగ్గర ఏందో అల్లుతాండానని చెప్పేది. అది అల్లింది ఏమన్నా ఉంటే ఇస్తావా?”

అప్పుడు పిల్లల ఉండ నా ఒళ్లో ఉంది. సుబ్బత్త నా చేతిలో సగం అల్లిన లేసు తీసుకుని, లాగేసి, ఉండకు చుట్టి, “ఈ దారంతోనే అల్లింది,” అంటూ వాళ్లమ్మ చేతిలో పెట్టింది. ఆమె దారం కొస పట్టుకుని కొంచెం కొంచెంగా విప్పుతూ, వేళ్ల మధ్య తడుముతూ చూసింది.

“ఇందులో నా బిడ్డది యాడుండాదక్కా?”

సరోజ వాళ్లమ్మ ఆ ఉండను కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సుబ్బత్త కొత్త దారం కొని మాకు తలా ఒక ఉండ ఇచ్చింది. ఆ తర్వాత ఎవరి లేసూ విప్పలేదు. వంకర పోయినా, కన్నె తప్పినా, “బాగుండాది, ఇంటికి తీస్కపో, మీ యమ్మకు సూపియ్యి” అనేది. మేము సంబరపడి తీసుకుపోయేవాళ్లం. కింది వరసల తప్పులు పై వరసలకు పాకేవి. మాలో ఒక్కరికి కూడా సుబ్బత్త పువ్వు కుదరలేదు.

ఇప్పుడు సుబ్బత్త లేదు. అరుగు కొట్టేసి ఆ చోట షట్టర్ల గది కట్టారు. లేసు హిందూపురం బజారులో మీటర్ల లెక్కన దొరుకుతుంది, మిషను మీద చేసింది, ఎక్కడా తప్పు ఉండదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో నా కూతురు క్రోషా నేర్పమని వెంటపడితే, నాకు వచ్చినంత నేర్పాను. వారం తర్వాత అరచేయంత లేసు తెచ్చి చూపించింది. రెండో వరసలోనే కన్నె పోయింది. లాగేసి మళ్లీ మొదలుపెట్టించాలని నాకు తెలుసు. దారం కొస పట్టుకున్నాను కూడా.

“బాగుందా అమ్మా?” అంది.

“బాగుంది. దాచిపెట్టుకో,” అన్నాను. ఇక దానికీ రాదు.