రోడ్డుకి కిందివైపు ద్రాక్ష

నిన్న మధ్యాహ్నం మా ఆయన ఫోన్‌కి ఒక ఆహ్వానం వచ్చింది. పంపినవారు పదకొండేళ్ళ క్రితం ఆఫీసులో ఆయనకి డైరెక్టరుగా ఉన్న తెలుగు పెద్దమనిషి. రిటైరవుతున్నారట. ఇక్కడ అమెరికాలోనే, ఫ్రిస్కోలోని తమ ఇంటికి పాతవాళ్ళందరినీ పిలిచి బర్గండీ వైన్ సీసాలు తెరుస్తారట, మేం తప్పకుండా రావాలట. కింద ఒక ఫోటో: ఏటవాలుగా దిగే ద్రాక్షతోటలు, అడ్డంగా ఓ పాత రాతిగోడ, దాని ముందు టోపీ పెట్టుకుని ఆయన. మా ఆయన ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "పాపం, బాగా పెద్దాయన అయిపోయారు. వెళ్దామా?" అన్నారు. నేను సింకు దగ్గర గిన్నె తోముతున్నాను. దాన్ని అవసరానికి మించి తోమాను.

ఫ్రాన్సులో బర్గండీ అనే సీమ ఒకటి ఉందని నాకు తెలిసింది ఆ డైరెక్టరు గారి వల్లే. అందుకు నేనేమీ కృతజ్ఞురాలిని కాను. ఆయన అక్కడికి పదిరోజులు వెళ్ళొచ్చారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి తిరిగొస్తూనే ఉన్నారు. కాఫీ ఇచ్చినా గ్లాసు గిరగిరా తిప్పి వాసన చూసేవారు. వందల ఏళ్ళ క్రితం సన్యాసులు ఆ నేలని అడుగడుగూ పరీక్షించి, ఏ పొలం చెక్కలో పండిన పండు ఎంతటిదో తేల్చి గోడలు కట్టారట. సీసా మీద ద్రాక్ష పేరు ఉండదట, ఊరి పేరూ తోట పేరే ఉంటాయట. ముక్కు గ్లాసులో పెట్టి కళ్ళు మూసుకుని, "తడిసిన ఆకులు... పుట్టగొడుగులు... కొంచెం గుర్రపుశాల" అనేవారు. గుర్రపుశాల వాసన కోసం అంత డబ్బు పోసినవాణ్ణి నేను ఆయన్నే చూశాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకోవచ్చు. కానీ అప్పట్లో మాకు ఊరుకునే వీలు లేదు. హెచ్ వన్ వీసా ఆరేళ్ళకి మించి ఉండదు, మా ఆయనకి ఆరో ఏడు దగ్గరపడుతోంది. గ్రీన్‌కార్డు కాగితాలు ఈలోగా కదలకపోతే పెట్టెలు సర్దుకోవడమే, అవి కదలాలంటే ఈ డైరెక్టరు గారు సరేననాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అందుకని ఆయన పిలిస్తే మేం వెళ్ళేవాళ్ళం. వెళ్ళేముందు మా ఆయన నాకు ఓ పాఠం చెప్పేవారు. ఊరేదంటే గుంటూరు అను, అక్కడితో ఆపు. చర్చి సంగతి ఎత్తకు. ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్తారని అడిగితే గ్రోసరీకి అను. మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది, దాని చాటున ఆయన హాయిగా కాలక్షేపం చేసేవారు. నిజానికి ప్రతి ఆదివారం మేం ఒక అమెరికన్ చర్చిని మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకున్న మా తెలుగు సంఘంలో ఉండేవాళ్ళం. నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనం. వేలెడంత ప్లాస్టిక్ కప్పులో ద్రాక్షారసం. అది పంచదార పాకంలా ఉండే కొట్టు జ్యూసే అయినా, ద్రాక్షారసం అన్న మాట వినగానే మా అమ్మా అమ్మమ్మా చేసినట్టే నా చెయ్యి కూడా చెంగు వెతుక్కుంటుంది. నెత్తిన ముసుగు, కళ్ళు మూసి ప్రార్థన, ఒక్క గుక్క. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అంతే.

అలా ఓ శనివారం మధ్యాహ్నం వాళ్ళ వంటింట్లో పదిమందిదాకా ఉన్నాం. డైరెక్టరు గారు గ్రానైట్ బండ మీద జంతికలు వరసగా పేర్చి, అది రోడ్డన్నారు. రోడ్డుకి పైన జీడిపప్పులు, కింద కారబ్బూందీ పోశారు. "చూడండి, పైన స్లోప్ మీదవన్నీ గ్రాండ్ క్రూ, అంటే టాప్ క్లాస్. రోడ్డు కింద ఫ్లాట్‌గా ఉన్నదంతా ఉత్త బర్గండీ. సేమ్ గ్రేప్, సేమ్ సన్, సేమ్ వాన. కానీ రోడ్డు దాటితే క్లాసే వేరు. టెర్వార్ అంటారు, నేల గుణం. అది పుట్టుకతో రావాలండీ, ఎంత ట్రై చేసినా మారదు" అన్నారు. అందరూ తలలూపారు. మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపారు. ఇంతలో డైరెక్టరు గారు ఒక గ్లాసు నా చేతికిచ్చి, వేళాకోళానికి అచ్చ తెలుగులో, "తీసుకోండమ్మా, ద్రాక్షారసం!" అన్నారు.

నా చెయ్యి నన్నడగలేదు. చున్నీ నెత్తిన కప్పేసింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, ఆయన అరగంటసేపు వాసన చూడాల్సినదాన్ని ఒక్క గుక్కలో తాగేశాను. కళ్ళు తెరిచేసరికి అందరూ నవ్వుతున్నారు. డైరెక్టరు గారు ఒక్కరే నవ్వడం లేదు. నన్ను కొత్తగా చూస్తున్నారు.

"మీది గుంటూరు టౌనేనా అమ్మా?" అన్నారు మెల్లిగా.

"పక్కన పల్లెటూరండీ."

"ఓహో. ఊళ్ళో ఎటువైపు? సెంటర్ దగ్గరా, కాలవ అవతలా?"

మనవాళ్ళు ఈ ప్రశ్న అడిగేది మీ ఇంటికి దారి తెలుసుకోవడానికి కాదు. గ్రానైట్ బండ కింద మా ఆయన కాలు నా కాలిని తొక్కింది. సెంటర్ దగ్గరేనండీ అంటే అయిపోయేది. కానీ ఆ జీడిపప్పులూ ఆ కారబ్బూందీ చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ పైతోటల్లో పళ్ళు కోసేవాళ్ళు ఎక్కడుంటారండీ?" అని అడిగాను.

"వాళ్ళా? సీజన్‌కి బయట్నించి వస్తారు. కింద ఎక్కడో టెంట్లు వేస్కుంటారు."

"మాదీ అటువైపేనండీ" అన్నాను.

మర్యాదస్తులు కదా. ఎవరో వెంటనే ఇళ్ళ ధరల గురించి ఎత్తుకున్నారు. తర్వాతి సీసా తెరిచినప్పుడు అందరికీ గాజు గ్లాసులొచ్చాయి, నాకు ప్లాస్టిక్ కప్పు వచ్చింది. "సారీ అక్కా, గ్లాసులు అయిపోయాయి" అన్నారు డైరెక్టరు గారి భార్య. నిజంగానే అయిపోయి ఉండొచ్చు. ఇప్పటికీ నాకు తెలియదు. మా నాయనమ్మకి టీకొట్లో ఇచ్చే గ్లాసు ఏదో స్పష్టంగా తెలిసేది, కొక్కేనికి విడిగా వేలాడేది. ఇక్కడ ఆ మాత్రం స్పష్టత కూడా లేదు. కాగితాల సంగతీ అంతే. ఈ నెలాఖరన్నది వచ్చే నెలయింది, వచ్చే నెల బడ్జెట్ అయ్యాక అయింది. గడువు మీదికొస్తుంటే మా ఆయన ఇదే ఊళ్ళో ఇంకో కంపెనీ చూసుకుని, మొదట్నించి మొదలుపెట్టారు.

అయితే నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది డైరెక్టరు గారిని కాదు. పరాయివాడి మీద కోపం తేలిక, తిట్టుకుంటే సగం పోతుంది. ఆ రోజు కారులో తిరిగి వస్తున్నాం. మూడో సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. మా ఆయన స్టీరింగు మీంచి కళ్ళు తిప్పకుండా, "అంతమందిలో ఆ ముసుగెందుకు వేసుకున్నావ్? మన పరువు తీశావ్" అన్నారు. పెళ్ళినాడు ఆ ముసుగు నా తలమీద సర్ది, జారకుండా పిన్ను పెట్టింది వాళ్ళమ్మ. మర్నాడే మొదటి ఆదివారం, బల్ల దగ్గర ఆయన నా పక్కనే తల వంచి నిలబడ్డారు. నేను చున్నీ కప్పుకుంటుంటే చూశారు. చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడ్డారు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాం, పిల్ల కాలేజీకి వెళ్ళింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

నిన్న గిన్నె ఆరబెట్టి వచ్చేసరికి ఆయన వస్తామని జవాబు టైపు చేస్తున్నారు. నా మొహం చూసి, "ఎప్పటి మాటో అది. ఇంకా పట్టుకుని కూర్చుంటావా?" అన్నారు. "మీరు వెళ్ళిరండి" అన్నాను. "నువ్వేదని అడుగుతారే!" అన్నారాయన. "ఎందుకు రాలేదో చెప్పండి. ఈసారి మీ నోటితో చెప్పండి" అన్నాను. టైపు చేసే వేలు గాల్లోనే ఆగిపోయింది. ఇది రాస్తున్న ఈ పూటకి కూడా ఆ జవాబు వెళ్ళలేదు. కాలం ఎంత గాయాన్నైనా మాన్పుతుందంటారు. నిజమే కాబోలు, కొట్టినవాళ్ళకీ పక్కన నిలబడి చూసినవాళ్ళకీ అది చాలా తొందరగా మాన్పుతుంది.