ఓడవాళ్ల మందు

పక్కింటి పెరట్లో బార్బెక్యూ దగ్గర నిమ్మకాయ కోసిన వాసనకు కానింగ్ వేల్‌లోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్లు. స్పెయిన్ ఓడలను దోచుకోవడానికి సముద్రాలు దాటిన ఇంగ్లీషు నావికులు చిగుళ్ల నుంచి రక్తం కారి చనిపోయేవారనీ, నిమ్మరసం తాగినవాళ్లు బతికేవారనీ క్లాసులో టీచర్ చెప్పింది.

అమ్మ చిగుళ్ల నుంచీ రక్తం వచ్చేది. అది బ్లడ్ క్యాన్సరని నాకెవరూ చెప్పలేదు. గ్లాసు నిండా నిమ్మరసం పిండి ఇచ్చాను. కీమో వల్ల నోరంతా పుండ్లున్నా, అమ్మ కళ్లు మూసుకుని మొత్తం తాగింది.

"ఈజ్ ఇట్ వర్కింగ్, అమ్మా?"

"వర్క్ అవుతోంది తల్లీ. నొప్పి తగ్గింది."

మర్నాడూ పిండాను. నాన్న గ్లాసు లాక్కోబోతే అమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టి తాగేసింది.

ఆ నెలలోనే అమ్మ పోయింది. అప్పటిదాకా ఆమెను నేనే బతికిస్తున్నానన్న ధీమాతో హాయిగా నిద్రపోయాను. అమ్మ తాగింది అందుకేనని ఇప్పుడు తెలుస్తోంది.