చంద్రయ్య చెయ్యి పెట్టి చూసిన బండి

నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే చంద్రయ్యకు మోటారు సైకిలు నడపడం రాదు. అయినా మా వీధిలో ఎవరు పాత బండి కొనాలన్నా ఆయన వెంట ఉండాల్సిందే. పొద్దున్నే వెళ్ళి, దేవుణ్ణి తలుచుకుని, ఇంజిన్ మీద అరచెయ్యి పెడతాడు. చల్లగా ఉంటేనే తర్వాతి మాట. వెచ్చగా ఉందంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి లోపం దాస్తున్నట్టే.

రెండు వేల ఆరులో పక్కింటి ఉప్పలయ్యకు అన్నోజిగూడ గోదాములో పని దొరికింది. సోమవారం తెల్లారగట్లే గేటు దగ్గర ఉండాలి. ఆ వేళకు బస్సుల్లేవు. బండి లేకపోతే పని లేదు. శుక్రవారం ఇద్దరూ ఉప్పల్‌లో త్రిమూర్తులు ఇంటికి వెళ్ళారు. చంద్రయ్య చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది.

"నడువు ఉప్పలయ్యా. గీ బండి వద్దు."

"దేవుడి మీద ఒట్టండీ, తాళం కూడా పెట్టలేదు," అన్నాడు త్రిమూర్తులు. ఆయనది కాకినాడ వైపు.

ఇంకో బండి దొరక్క శనివారం మళ్ళీ వెళ్ళారు. అప్పుడూ వెచ్చగానే ఉంది. ఆదివారం ఇంకా మసక వీడకముందే నడిచి వెళ్ళారు. త్రిమూర్తులు భార్య సుబ్బులు బండికి పసుపు రాసి, చెంబుతో వేన్నీళ్ళు పోస్తోంది.

"ఏందమ్మా గిది?"

"స్నానమండీ. ఏ రోజు తీసుకెళ్తారో తెలీదు. ఇంకో ఇంటికి వెళ్ళేదాన్ని మురికితో పంపుతామా?"

త్రిమూర్తులు లేచేసరికే రోజూ తుడిచి పెట్టేస్తోందట.

"నీ కడుపు సల్లగుండ! మస్తు పరేషాన్ జేస్తివి గదమ్మా," అని చంద్రయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"అన్నా, రేపే పని. జర ఒప్పుకో," అన్నాడు ఉప్పలయ్య.

"సల్లారాలె. అప్పుడే."

సుబ్బులు విసనకర్ర తెచ్చి ఇంజిన్‌కు విసిరింది. ఉప్పలయ్య పేపరుతో, త్రిమూర్తులు తువ్వాలుతో అందుకున్నారు. ఈలోగా చంద్రయ్య పసుపు తుడిచి చాసిస్ నంబరు కాగితాలతో సరిచూశాడు. ఆయిల్ రంగు చూశాడు. చక్రాలు పట్టుకుని ఊపాడు. చివరికి ఇంజిన్ చల్లబడింది. ఉప్పలయ్య కిక్ కొట్టాడు. స్టార్ట్ కాలేదు. ప్లగ్గులోకి నీళ్ళు పోయాయి.

సుబ్బులు ముఖం చిన్నబోయింది. ప్లగ్గు విప్పించి, కొంగుతో తుడిచి, పొయ్యి సెగన ఆరబెట్టి తెచ్చింది. ఈసారి ఒక్క కిక్కుకే అందుకుంది. వెనక తెల్లటి పొగ. నలుగురూ సైలెన్సరునే చూశారు. కాసేపటికి పొగ పలచబడి ఆగిపోయింది.

"నీళ్ళ పొగే. ఆయిల్ పొగైతే ఆగదు. తీస్కో ఉప్పలయ్యా, రేపు పనికి ఫికర్ లేదు."

ఉప్పలయ్య దండం పెట్టి బండెక్కాడు. చంద్రయ్య వెనక ఎక్కబోయేలోగా త్రిమూర్తులు ఎక్కి కూర్చున్నాడు.

"దాన్ని ఒంటరిగా పంపడమేంటండీ? నాచారం దాకా దిగబెట్టి వస్తాను."

చంద్రయ్య బస్సులో వచ్చాడు.