డెల్టా చూపిన మార్తమ్మ టీచర్

పొద్దున్నే సుల్తాన్‌పూర్‌లోని మా కంపెనీలో అచ్చు కాగితాల కట్ట విప్పగానే నున్నటి కాగితం, కొత్త సిరా కలిసిన వాసన గుప్పుమంటుంది. మేం తయారుచేసే సిరంజి పెట్టెల్లో మడిచిపెట్టే సూచనల కాగితాలవి. ఆ వాసన తగిలితే చాలు, పటాన్‌చెరులో మేం ఆదివారం ఆరాధన తరువాత కూర్చునే కిరాయి హాలు, నేల మీద పరిచిన పటాలు, వాటి మధ్య కొంగు బిగించి మోకాళ్ల మీద కూర్చున్న మార్తమ్మ టీచర్ కళ్లముందుకొస్తారు. జోగిపేటలో పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఫ్యాక్టరీల్లో పనిచేసే మాలాంటి ఆడవాళ్లకు బైబిలు వాక్యం చెప్పడానికి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవారు.

అప్పట్లో నేను ప్యాకింగ్ లైన్లో కంట్రాక్టు మనిషిని. కొత్త యంత్రం వస్తోందనీ, మా లైను తీసేస్తారనీ, కాగితాలు సరిచూసే పరీక్షలో నెగ్గినవాళ్లకే ఉద్యోగం ఉంటుందనీ సూపర్‌వైజర్ చెప్పాడు. సూచనలు రకరకాల దేశాల భాషల్లో ఉంటాయి. ఇంగ్లీషే తడబడుతూ చదివేదాన్ని నేను. లైన్లో నా పక్కన నిలబడే యాదమ్మ నవ్వింది. "ఏందే ఎస్తేరూ, మీ దేవుడు ఫ్రెంచి గిట్ల సదువుకున్నడా? జెర నాక్కూడ సిఫారసు చెయ్యే!"

ఈ సంగతి చెప్పుకుని ఏడిస్తే టీచర్ ఓదార్చలేదు. మరుసటి ఆదివారం పాత సామాను దుకాణం నుంచి కొన్ని గోడ క్యాలెండర్లు మోసుకొచ్చారు. విదేశాల నుంచి యంత్రాలతో పాటు మన కంపెనీలకు వచ్చినవి. ఒక్కోదాని మీద ఒక్కో దేశం పటం. వాటిని వరుసగా పరిచి, "నీకు ఎరుకైన మాట ఒక్కటి దేవులాడు బిడ్డా. రానిదాని జోలికి పోకు," అన్నారు.

చాలాసేపు ఏమీ కనబడలేదు. తరువాత ఇటలీ పటంలో పో అనే నది సముద్రంలో కలిసేచోట నా వేలు ఆగింది. డెల్టా. స్పెయిన్ పటంలో ఎబ్రో నది దగ్గర అదే మాట. ఫ్రాన్సులో రోన్ దగ్గర మళ్లీ అదే.

"మన మంజీర నీళ్లు ఏడికి పోతయే?" అని అడిగారు టీచర్.

"గోదావరిల కలుస్తయి టీచరమ్మా."

"గోదావరి సముద్రంల కలిసేకాడ ఏముంటది?"

"డెల్టానే!" అని అరిచాను.

ఆమె సుద్దముక్కతో నేల మీద ఒక త్రికోణం గీశారు. అది గ్రీకు అక్షరమనీ, దాని పేరే డెల్టా అనీ, నది చీలి పారే నేల ఆ ఆకారంలో ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందనీ చెప్పారు. "సువార్త మొదట రాసింది ఈ అక్షరాలతోనే. బాబెలు గోపురం కాడ మనుషుల భాషలు చెదిరిపోయినయని అందరం చెప్పుకుంటం. పెంతెకొస్తు దినాన శిష్యుల మాట అన్ని భాషలోళ్లకూ అర్థమైందని యాదికి తెచ్చుకోం. భయపడేటోళ్లకు బాబెలే కనపడ్తది."

మా సంఘంలో ప్రార్థనకు జవాబు దొరికినవాళ్లు లేచి సాక్ష్యం చెప్తారు. పరీక్షకు ముందటి ఆదివారం టీచర్ నన్ను లేపి నిలబెట్టారు. ఇంకా ఏమీ జరగలేదు కదమ్మా అని గొణిగితే, "జరిగినంక ఎవరైనా చెప్తరు. ముందుగాల చెప్పు," అన్నారు. ఉద్యోగం నిలిచినందుకు స్తోత్రమని సంఘమంతటి ముందు చెప్పి కూర్చున్నాను. ఇప్పుడు ఓడిపోతే పోయేది నా కూడు ఒక్కటే కాదు, దేవుని పేరున చెప్పిన సాక్ష్యం కూడా.

పరీక్షలో ఒక్కొక్కరికి రెండు కాగితాలిచ్చారు. ఒకటి ఆమోదించిన నమూనా, ఇంకొకటి కావాలని తప్పు పెట్టి అచ్చువేసినది. తేడా పట్టుకోవాలి. నాకు వచ్చింది గ్రీకు. కళ్లు మూసుకున్నాను.

"ఏందమ్మా, కండ్లు తిరుగుతున్నయా? నీళ్లు తెప్పియ్యాల్నా?" అన్నారు ఆఫీసర్ సారు.

"లేద్సార్, ప్రార్థన చేసుకుంటున్న."

"జల్దీ కానియ్యి మరి. ఆయనకు టైముంటది గానీ నాకు లేదు."

కళ్లు తెరిచేసరికి ఆ గజిబిజి అక్షరాల మధ్య ఒక త్రికోణం కనబడింది. ఎరుకైనది ఒక్కటి! దాన్ని పట్టుకుని తరువాతి త్రికోణానికి, అక్కడినుంచి మరోదానికి, రెండు కాగితాల మీద రెండు వేళ్లు పెట్టి నడిచాను. ఒకచోట ఎడమ వేలు త్రికోణం మీద ఆగింది. కుడి వేలికి అది దొరకలేదు. నమూనాలో త్రికోణంతో మొదలైన ఒక వరుస రెండోదాంట్లో మొత్తానికే లేదు.

"ఈ లైను ఎగిరిపోయింది సార్," అన్నాను.

ఆయన కాగితాలు తీసుకుని చూశారు. "ఒకసారి వాడిన సూది మళ్లా వాడొద్దని రాసున్న లైను అది. రేపటిసంది చెకింగ్ టేబుల్ కాడికి రా."

టీచర్ ఆ వేళ పటాన్‌చెరులోనే చెల్లెలింట్లో ఉన్నారు. పరుగున వెళ్లి చెప్పాను. "స్తోత్రం!" అని ఆమె వేసిన కేకకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు. నన్ను మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఆమె అడిగింది వేరు. "నీతోని రాసినోళ్లల్ల ఎవరు తప్పిన్రు?"

"యాదమ్మ. దానికి ఇంకొక్క అవకాశం ఇచ్చిన్రు."

"ఏడున్నదామె? నీ ఒక్కదానికోసమే పటాలు పరిచిన్ననుకున్నవా? పో, తోల్కరా."

యాదమ్మ బొట్టు తీయకుండానే మా హాలుకు వచ్చింది. పాటలప్పుడు చప్పట్లు కొట్టింది, మిగతా సమయమంతా పటాల మీద వంగి కూర్చుంది. రెండోసారి నెగ్గింది. "మీ దేవుని సిఫారసు జెర ఆలస్యంగ వచ్చిందే," అని నవ్వింది.

మార్తమ్మ టీచర్ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఆమె నాకు నేర్పింది ధైర్యమని చాలాకాలం అనుకున్నాను. అంతకంటే పెద్దదే నేర్పారు. మాలో ఎవరికి ఏ మేలు జరిగినా, సంతోషం ఇంకా గొంతులో ఉండగానే, వెనక ఎవరు ఆగిపోయారో తిరిగి చూస్తాను. చూసి, వాళ్ల దగ్గరకు నడుస్తాను.