ఎడమ చక్రం మీది నట్టు

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. మా నాన్న చేతికర్ర గడపకు తగిలిన ప్రతిసారీ వస్తుంది, పోతుంది. ఎవరితో చెప్పను? ఇంట్లో చెబితే ఇల్లు నిలవదు, ఊళ్లో చెబితే మొహం చెల్లదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. మధ్యలో తడబడితే విసుక్కోకండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నరసరావుపేటలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పట్టా పెట్టెలో పెట్టి, గురజాల దగ్గర మా ఊళ్లో ఖాళీగా తిరుగుతున్నాను. మా నాన్న నలుగురిలో మాట చెల్లే రైతు. ఆయనకొక తెల్ల కారు ఉండేది. దాని మీద మస్తాన్ బాబాయ్ తప్ప ఇంకొకరు చెయ్యి వేయడానికి వీల్లేదు. బాబాయ్ ఊరి మొదట్లో రేకుల షెడ్డులో మెకానిక్. ట్రాక్టరైనా కారైనా చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. మాకు చుట్టం కాదు. అయినా నాకు బాబాయే, నాన్నను ఆయన అన్నా అనేవాడు.

నాకు కారు నేలకు ఆనుకున్నట్టుగా ఉంటేనే అందం. ఫోన్లో అలాంటివి చూసి చూసి పిచ్చెక్కింది. కంపెనీ స్ప్రింగులు తీసేసి పొట్టివి వేస్తే కారు రెండంగుళాలు కిందికి దిగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించాను. బాబాయ్‌ని అడిగితే, మన రోడ్లకు అవి పనికిరావని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇంజనీరింగ్ చదివిన వాడికి పదో తరగతి తప్పినవాడు చెప్పేదేమిటి అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, ఇప్పుడు దాచి లాభం లేదు.

నాన్న మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లిన రెండు రోజుల్లో మా కొట్టంలోనే పని పెట్టుకున్నాను. ట్రాక్టర్ జాకీతో కారు లేపి కింద దుంగలు పెట్టాను. స్ప్రింగును అణిచి పట్టే పనిముట్టు లేక, ట్రక్కు మీద బస్తాలకు కట్టే మోకుతో బిగించి కట్టాను. అంతా బాగానే జరిగింది. చివరికి ఎడమ ముందు చక్రం దగ్గర చిక్కు వచ్చింది. అక్కడ షాక్ అబ్జార్బర్ తల మీద ఒక నట్టు ఉంటుంది. అది ఊడితే చక్రం చేతిలో ఉండదు. దాన్ని బిగిస్తుంటే లోపలి కడ్డీ కూడా దానితో పాటే తిరిగింది. కడ్డీని కదలకుండా పట్టడానికి ఒక ఎలెన్ కీ కావాలి. అది బాబాయ్ షెడ్డులో ఉంది. నడిస్తే అయిదు నిమిషాలు. కానీ అడగాలంటే నామోషీ. కడ్డీకి గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పి, చాల్లే అనుకున్నాను.

నాన్న వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏందిరా ఇట్టా కుంగిందన్నాడు. పాత స్ప్రింగులు పోయాయట, మస్తాన్ బాబాయ్ కొత్తవి వేశాడని చెప్పాను. నాన్న మరో మాట అడగలేదు. వాడు చేస్తే సరిగానే ఉంటుందని లోపలికి వెళ్లిపోయాడు. అంత సులువుగా ఆ పేరు నా నోటికి ఎలా వచ్చింది? ఆలోచించను కూడా లేదు. ఆయన మీద నాన్నకు ఎంత నమ్మకముందో నాకు తెలుసు, ఆ నమ్మకం వెనక దాక్కున్నాను, అంతే.

మూడో రోజుకు స్టీరింగ్ తిప్పితే టక్కుమనే చప్పుడు మొదలైంది. టైర్లకు గాలి పట్టించడానికి షెడ్డుకు వెళ్తే బాబాయ్ విననే విన్నాడు. చక్రం మీద చెయ్యి వేసి, నా చేత స్టీరింగ్ తిప్పించి, పైన నట్టు లూజుగా ఉంది, బండి ఉంచి వెళ్లు, సందేళకు చేసి పెడతానన్నాడు. రేపు తెస్తానన్నాను. విప్పితే ఎవరు వేశారని అడుగుతాడు, ఆ మాట నాన్న దాకా వెళ్తుంది. ఆ రేపు రానివ్వలేదు నేను.

నాలుగు రోజుల తర్వాత నాన్న మాచర్లలో పెళ్లికి ఒక్కడే కారు తీశాడు. దారిలో స్పీడ్ బ్రేకర్ మీద ఎడమ చక్రం ఒరిగిపోయి కారు కాలవ గట్టు దిగింది. ప్రాణం దక్కింది. మోకాలు మాత్రం నుజ్జయింది. నరసరావుపేట ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట, మస్తాన్ గాడు నా కాలు తీశాడ్రా అని. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను. అప్పుడు చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

నాన్న ఇంటికొచ్చాక పాల కేంద్రం ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. బాబాయ్ నిలబడే ఉన్నాడు.

"నేనెయ్యలేదన్నా. బండి నా కాడికొచ్చింది, నట్టు లూజుందని చెప్పి పంపిచ్చా. కావాలంటే అబ్బాయినే అడుగు" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు.

"ఆయనే ఏశాడు" అన్నాను, నేల చూస్తూ.

మాట తేలకపోతే మా వైపు ప్రమాణం పెడతారు. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి నిజం చెప్పాలి. ముందు నన్ను చెయ్యమన్నారు, తర్వాత ఆయన దర్గాలో చెయ్యాలన్నారు. కొట్టు నుంచి కర్పూరం తెచ్చి వెలిగించారు. నేను లేచాను. కర్పూరం వైపు ఒక అడుగు వేశాను. నిజంగా ఆర్పి ఉండేవాడినా? ఉండేవాడినే అనుకుంటాను. ఇన్నేళ్లలో నాకు నా మీద భయం వేసేది అక్కడే.

బాబాయ్ నా మొహం చూశాడు. రెండడుగులు ముందుకొచ్చి ఆ కర్పూరాన్ని చెప్పుకాలితో తొక్కేశాడు.

"ఒద్దయ్యా. పిల్లోడి చేత ఆ పని చేయించొద్దు. తప్పు ప్రమాణం ఊరికే పోద్దా? ఇంటికి తగులుద్ది" అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, "నేనే ఏశానన్నా. తప్పు నాదే. ఇంక ఒదిలెయ్" అన్నాడు.

"చూశారా, ప్రమాణం అనేతలికి నిజం ఎట్టా బయటికొచ్చిందో!" అన్నాడొక పెద్దమనిషి. నలుగురూ నవ్వారు. నేను కూర్చున్నాను. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. అది కూడా చెప్పాలి.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు ఒక్క బండి వెళ్లలేదు. రెండు నెలలు చూసి, రేకులు విప్పుకుని కృష్ణ దాటి వెళ్లిపోయాడు. రెండేళ్ల కిందట వెతుక్కుంటూ వెళ్లాను. ఎవరిదో షెడ్డులో కూలికి చేస్తున్నాడు. లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం కనిపించాయి. ఆ అరిగిన చెప్పుల వంక చూస్తూ కాసేపు నిలబడి, బండి తిప్పుకుని వచ్చేశాను. ఏమని పిలవను? బాబాయ్ అనా?

నిన్న కూడా ఇంటికొచ్చిన వాళ్లకు నాన్న మోకాలు తట్టి చూపించి, మస్తాన్ గాడి చలవ అన్నాడు. నేను వాళ్లకు టీ అందించాను. మీతో చెప్పినంత మాత్రాన ఏం మారుతుంది? ఏమీ మారదు. ఆ కాలు వంగదు, ఆ షెడ్డు తిరిగి లేవదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ ఒక్కసారైనా ఆ మాట వెనక్కి పోకుండా బయటికి రావాలి.

ఆ నట్టు బిగించింది మస్తాన్ బాబాయ్ కాదు. నేను.