పదకొండు రోజుల ఐదో తరగతి

ఆ బడిలో ఆవిణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గంట కొట్టేది ఆవిడే కాబట్టి గంటమ్మ. పిల్లలకే కాదు, టీచర్లకీ గంటమ్మే. జీతం కాగితం మీద అసలు పేరు చూసినప్పుడల్లా "ఇదెవరబ్బా?" అని ఒక్క క్షణం తనే ఆగుతానని చెప్పి నవ్వుతుంది. మనిషి పిడికెడు, నోరు మాత్రం బడంత. మెట్ల మీద పరిగెత్తే పిల్లలు పెద్ద టీచరుగారి కేకకైనా ఆగరు గానీ, వరండా చివరనించి గంటమ్మ "ఏయ్!" అందంటే ఎక్కడి కాళ్లు అక్కడే.

పొద్దున్న ఏడింటికల్లా వచ్చి తాళాలు తీస్తుంది. నల్లబల్లలు తడిగుడ్డతో తుడుస్తుంది, నీళ్ల డ్రమ్ములోకి కుళాయి తిప్పుతుంది, హాజరు పట్టీలు చంకన పెట్టుకుని గదిగదికీ తిరుగుతుంది. మిగతా గదులన్నీ గబగబా ఊడ్చి పారేస్తుంది. ఐదో తరగతి గదిని ఆఖరుకి అట్టేపెట్టుకుంటుంది. అక్కడికొచ్చేసరికి చీపురు నెమ్మదిస్తుంది. ఊడ్చాక కిటికీ పక్క బెంచీ మీద కాసేపు కూర్చుంటుంది కూడా. ఎవరైనా చూస్తే మోకాళ్ల నొప్పులంటుంది. మోకాళ్లూ లేదు, మోచేతులూ లేదు. ఆ సంగతికే వస్తున్నా, ఉండండి.

నిరుటిదాకా ఏడెనిమిదేళ్లపాటు ఆ బడిలో ఎవరూ ఫెయిలవలేదు. అంటే అందరూ చదువులో పిడుగులైపోయారని కాదు. ఎవర్నీ ఏ తరగతిలోనూ ఆపకూడదని పైనుంచి ఆర్డరు. ఏడాది గడిచిందా, పై గదికి పద. ఆరో తరగతికి వచ్చి కూడా తన పేరు తనే కూడబలుక్కునే పిల్లలు తయారయ్యారు. టీచర్లు తలలు పట్టుకున్నారు. ఇదేం బాగాలేదని మళ్లీ పైనే ఎవరికో తోచింది. నిరుడు ఆర్డరు తిరగబడింది. ఐదో తరగతిలో పరీక్ష, పాసైతేనే ఆరు. ఆర్డర్లు మార్చేవాళ్లకేం, చొక్కా మార్చుకున్నంత తేలిక! నాలుగేళ్లు రాకపోయినా పర్లేదు పదపదమని తోసి, ఐదో ఏట తలుపు మొహాన వేస్తే ఆ పసిదాని గతేంటి?

పసిదంటే నిజంగా ఒక్కతే. ముప్పై ఏడు మందిలో ఆగిపోయింది ఒక్క పొడుగుపిల్లే. ఇస్త్రీ కొట్టు ఆవిడ కూతురు. పన్నెండేళ్లకే గుమ్మం దగ్గర తల వంచుకోవాల్సినంత పొడుగు. బడి తెరిచిన రోజు వచ్చి ఐదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంది. నాలుగు నుంచి కొత్తగా వచ్చిన బుడంకాయలు వెనక్కి తిరిగి చూసి, "నువ్వు కొత్త టీచరువా అక్కా?" అని అడిగారు. వాళ్లు ఎగతాళికి అడగలేదు పాపం, నిజంగానే అడిగారు. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు.

ఆ బడిలో ఓ నియమం ఉంది. వరసగా పదిరోజులు రాకపోతే పట్టీలో పేరు కొట్టేస్తారు. మళ్లీ చేర్చాలంటే తిరగాల్సిన ఆఫీసులూ తేవాల్సిన కాగితాలూ తలుచుకుని ఇంట్లోవాళ్లు ఇంక ఆ ఊసెత్తరు. ఇన్నేళ్లుగా పట్టీలు మోస్తున్న గంటమ్మ అలా పోయిన పేర్లు చాలా చూసింది. తిరిగొచ్చిన పేరు ఒక్కటీ చూడలేదు.

ఆ పిల్ల రాని ఎనిమిదో రోజున గంటమ్మ పట్టీలు పెద్ద టీచరు బల్ల మీద పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది.

"ఏం గంటమ్మా?" అంది పెద్ద టీచరు. గంటమ్మకి కూతురి వయసుది, ఈ బడికొచ్చి రెండేళ్లు.

"ఆ పొడుగుపిల్లని ఆరులో కూర్చోబెట్టకూడదాండీ?"

"నా చేతుల్లో ఏముంది? లిస్టు పైకి వెళ్లిపోయింది. అయినా చదవడం రాని పిల్లని ఆరులోకి తోస్తే అక్కడ మాత్రం ఏం చేస్తుంది చెప్పు?"

ఆవిడన్నదీ అబద్ధం కాదు.

"ఆపితే ఏం చేస్తుందో నాకు తెలుసండీ," అంది గంటమ్మ.

"నీకెలా తెలుసు?"

"డ్రమ్ము పొర్లిపోతున్నట్టుందండీ," అని గంటమ్మ బయటికొచ్చేసింది. నోరున్న మనిషికి కూడా నోరు పెగలని మాట ఒకటుంటుంది.

చిన్నప్పుడు గంటమ్మ చదివిందీ ఇదే బడి. అప్పట్లో ఇన్ని గదుల్లేవు. ఒకటే పొడుగాటి హాలు, మధ్యమధ్య చెక్క అడ్డాలు. నాలుగో తరగతి వాటాకి కిటికీ లేదు, ఐదో తరగతికి రెండున్నాయి. ఐదో తరగతిలో అద్దాల బీరువా ఉండేది, దాంట్లో గుండ్రంగా తిరిగే భూగోళం ఉండేది. నాలుగులో కూర్చున్నవాళ్లకి అడ్డం మీదనుంచి అవతలి పాఠం వినిపించేది గానీ కనిపించేది కాదు. గంటమ్మ రెండేళ్లు ఆ పాఠం విన్నది. రెండేళ్లూ లెక్కల్లోనే పోయింది. అప్పట్లో పాసంటే పాసు, ఫెయిలంటే ఫెయిలు, బతిమాలుకోవడాల్లేవు.

ఆ బడిలో ఒక పద్ధతుండేది. సెలవులయ్యాక మొదటి రోజున పాసైన పిల్లలు తమ బెంచీ తామే మోసుకుని పై తరగతికి వెళ్లాలి. బెంచీకి నలుగురు, మూలకొకరు. గంటమ్మ బెంచీలో ముగ్గురు పాసయ్యారు. రెండోసారి ఫెయిలైన గంటమ్మ గోడ వారన నిలబడి చూస్తోంది. ముగ్గురూ బెంచీ ఎత్తారు, ఓ పక్కకి ఒరిగిపోయింది. "చూస్తావేంటే, ఆ మూల పట్టుకో!" అంది వాళ్లలో ఒకతి. పట్టుకుంది. మోసింది. అడ్డం దాటి కిటికీ పక్కన దింపారు. దింపాక ముగ్గురూ కూర్చున్నారు. అలవాటు ప్రకారం గంటమ్మ కూడా కూర్చుంది.

అంతే జరిగింది. దొంగతనం కాదు, ఎత్తు కాదు. నలుగురు కూర్చునే బెంచీ మీద నాలుగోది కూర్చుంది.

ఐదో తరగతి మాస్టారు బదిలీ మీద ఆ రోజే వచ్చారు. హాజరు పట్టీ ఇంకా తయారు కాలేదు. ఆయన రోజూ తలలు లెక్కపెట్టుకుని బల్ల మీద చాక్‌పీసుతో అంకె వేసుకునేవారు. తల ఉంటే చాలు, లెక్కలోకి వచ్చేది. అవతల నాలుగో తరగతిలో గంటమ్మ రాలేదంటే, సెలవుల నుంచి ఇంకా దిగలేదేమో అనుకున్నారు. గంటమ్మ చెల్లెలు అప్పుడే మూడు నుంచి నాలుగుకొచ్చింది. "మీ అక్కేదే?" అని అడిగితే ఆ చిన్నది నేల చూపులు చూస్తూ "తెలీదండీ," అందట. అడ్డానికి అవతల అక్క గొంతు వినబడుతూనే ఉంది మరి!

అలా పదకొండు రోజులు.

ఆహా, ఆ పదకొండు రోజులు! ఇన్నాళ్లు విన్న పాఠం కళ్లకి కనబడింది. భూగోళాన్ని వేలితో తిప్పింది. సముద్రాలు ఇంతింత ఉన్నాయా అని నోరు తెరిచింది. కిటికీలోంచి ఎండ పలక మీద పడితే పలక జరుపుకోవడం కూడా గొప్పగా ఉండేది. ఆరో రోజున మాస్టారు భాగహారం మొదలుపెట్టారు. ఆయన ఎలా చెప్పారో ఏమో, రెండేళ్లుగా బుర్రకెక్కనిది చటుక్కున ఎక్కింది. పలక తీసుకెళ్లి చూపిస్తే "శభాష్" అన్నారు. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. సంతోషాలకి లోటేం లేదు. కానీ ఆ శభాష్ లాంటిది మళ్లీ రాలేదని ఇప్పటికీ అనుకుంటుంది.

పన్నెండో రోజున పట్టీ వచ్చింది. మాస్టారు ఒక్కో పేరూ చదివారు. అందరూ అయ్యారు. "నీ పేరు లేదేంటమ్మా?" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పలక తీసుకుని నాలుగో తరగతికి వెళ్లమన్నారు. అడ్డం ఇటువైపుకి వస్తే, తన పాత చోట చెల్లెలు కూర్చునుంది. అక్కని చూసి పక్కకి జరిగి, "ఇక్కడ కూర్చో అక్కా," అని గొణిగింది. ఆ జరగడంతో గంటమ్మకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు కడుపునొప్పి అంది. ఆ మర్నాడూ అదే. నాలుగో నాటికి ఇంట్లో అడగడం మానేశారు.

తర్వాత నోటు పుస్తకాల ప్రెస్సులో చేరింది. గీతలు కొట్టిన కాగితాలు పేర్చి, మడిచి, దారం వేసి కుట్టడం. పదిహేనేళ్లు ఊళ్లో పిల్లలంతా రాసుకునే పుస్తకాలు కుట్టింది. ప్రెస్సు మూతపడ్డాక, ఈ బడిలో ఆయమ్మ కావాలంటే వచ్చి చేరింది. చెల్లెలు చదువుకుని ఆస్పత్రిలో నర్సయింది. "బడి వదల్లేక బడిలోనే ఉండిపోయింది మా అక్క," అని ఏడిపిస్తుంది. గంటమ్మ నవ్వేస్తుంది. పదకొండు రోజుల ముచ్చట మాత్రం అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

సరే, ఎనిమిదో రోజు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే, గంటమ్మ గేటు దాటి ఇస్త్రీ కొట్టుకి వెళ్లింది. తల్లి చొక్కా కాలరు మీద పెట్టె తోస్తోంది. పొడుగుపిల్ల బట్టల మీద నీళ్లు చిలకరించి మడత పెడుతోంది. గంటమ్మని చూడగానే మొహం ముడుచుకుంది.

"మీ టీచరు రోజూ అడుగుతోందే నీ గురించి," అని మొదలుపెట్టింది గంటమ్మ.

"అబద్ధం."

"సరే, అబద్ధమే. నేనే అడుగుతున్నా."

తల్లి తలెత్తకుండానే అంది: "పోనీలే పెద్దమ్మా. మళ్లీ అదే క్లాసులో అదే పుస్తకం. దాని మనసు కష్టపెట్టడం ఎందుకు? ఇక్కడైతే నాకూ చేతికింద ఉంటుంది."

"ఆ బుడ్డోళ్ల మధ్య గడకర్రలా కూర్చోమంటావా?" అంది పిల్ల. "టీచరువా అని అడుగుతున్నారు నన్ను."

గంటమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి, ఆ ఇస్త్రీ బొగ్గుల సెగలో, నలిగిన బట్టల మధ్య కూర్చుని మొత్తం చెప్పేసింది. బెంచీ ఒరిగిపోవడం, తలలు లెక్కపెట్టిన మాస్టారు, భూగోళం, భాగహారం, అన్నీ. పొడుగుపిల్ల చేతిలో చొక్కా మడత మధ్యలో ఆగిపోయింది.

"మరి తర్వాత ఎందుకు వెళ్లలేదు? మాస్టారు శభాష్ అన్నారుగా?"

గంటమ్మ స్టూలు ఆ పిల్ల దగ్గరికి జరుపుకుంది.

"కడుపునొప్పి అన్నానా? రోజూ పొద్దున్నే తల దువ్వుకుని గడప మీద కూర్చునేదాన్నే. ఎవరైనా వచ్చి 'ఎందుకు రావట్లేదే' అని అడిగితే, కాసేపు ఏడ్చి, కాసేపు మొరాయించి, ఆనక వెళ్దామని. మాస్టారే రానక్కర్లేదు. ఆ ముగ్గురిలో ఒక్కతి వచ్చినా చాలనుకున్నా. నెల కూర్చున్నా తల్లీ. ఎవ్వరూ రాలేదు."

తల్లి ఇస్త్రీ పెట్టెని పక్కన నిలబెట్టింది.

"లిస్టు మార్చడం నా వల్ల కాదు," అంది గంటమ్మ. "పైవాళ్లతో పోట్లాడే తాహతూ లేదు. చదవడం రాకపోతే పొద్దున్న ఏడింటికి రా, నాకొచ్చిన నాలుగు ముక్కలూ నేను చెప్తా. అదీ కాదంటే రేపు మళ్లీ వస్తా, ఎల్లుండీ వస్తా. నువ్వు ఏడ్చుకో, మొరాయించుకో. అడిగే మనిషి మాత్రం వచ్చిందే నీకు."

పొడుగుపిల్ల గోడవైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. తల్లి లేవబోతే గంటమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చివరికి ఆ పిల్ల చేతిలో చొక్కా తల్లి ముందు పడేసి, ముక్కు చీదుకుంటూ పెరట్లోకి పరిగెత్తింది. అక్కణ్నించే అరిచింది:

"మొహం కడుక్కొస్తున్నా గంటమ్మా! వెళ్లిపోకు!"