తీసి చూడలేదు

మారేడుమిల్లి కొండలకు నేనూ బావా బయలుదేరుతుంటే మందుల సంచీ మా అక్క సర్దింది. అక్క కాకినాడలో నర్సు. నేను కొన్న జ్వరం బిళ్లలూ బ్యాండ్‌ఎయిడ్లూ చూసి, "అడవికెళ్తున్నారా, అత్తారింటికెళ్తున్నారా?" అంది. తన పాత నేత చీర ఉతికి, ముక్కలుగా చింపి, ఇస్త్రీ చేసి, మందంగా మడతలు పెట్టి, సంచీలో అన్నిటికన్నా పైన ఉంచింది. తర్వాత దిండు మీద నా రెండు చేతులూ పెట్టించి నొక్కించింది.

"రక్తం చిమ్మితే ఇలా నొక్కి పట్టుకో. తడిస్తే పైన ఇంకోటి వెయ్యి. ఆగిందో లేదోనని తీసి చూశావంటే మళ్లీ మొదటికొస్తుంది."

నా బుద్ధి అక్కకు తెలుసు. పొయ్యి మీద అన్నం పెడితే పదిసార్లు మూత తీసేవాణ్ణి.

బావ వ్యవసాయదారుడు. బొంగులో కోడి వండుకోవాలని ముచ్చటపడి ఇంటి నుంచే కత్తి తెచ్చుకున్నాడు. వెదురు నరుకుతుంటే కత్తి జారి ఎడమ ముంజేతిలో దిగింది. నెత్తురు చిమ్మింది. బావ కంగారుపడలేదు. "కాఫీ పొడి తేరా, గుప్పెడు అద్దితే అదే కట్టేస్తుంది" అన్నాడు. కొడవలితో తెగినా కత్తిపీటతో తెగినా మా వైపు అదే వైద్యం. నిజం చెప్పాలంటే, డబ్బా మూత తీశాను కూడా. అక్క మాట గుర్తొచ్చి పక్కన పడేశాను.

గుడ్డ పెట్టి నొక్కాను. అది తడిసింది. దాని మీద ఇంకోటి వేశాను. ఫోన్లలో సిగ్నల్ లేదు. మేం మాట్లాడుకున్న జీపులోనే రంపచోడవరం బయలుదేరాం. దారి పొడుగునా బావ, "ఆగిపోయుంటుంది, ఒక్కసారి తీసి చూడరా బామ్మర్దీ" అంటూనే ఉన్నాడు. ఆయన గొంతు సన్నబడుతోంది. ఈయనకేమైనా అయితే అక్క ముఖం ఎలా చూడను? భయమేసి ఏడ్చేశాను. చేతులు మాత్రం తియ్యలేదు.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. అక్కడి నుంచి ఫోన్ చేస్తే సాయంత్రానికి అక్క వచ్చింది. లోపల బావను చూసి, బయట బెంచీ మీదున్న నా పక్కన కూర్చుంది. నా వేళ్లు ఇంకా కొంకర్లు పోయే ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టుకుని నెమ్మదిగా చాపింది.

"మధ్యలో తీసి చూశావా?"

"లేదక్కా."

చివరి వేలు కూడా చాపింది.

"ఆయన అలా అడుగుతుంటే, నేనైతే చూసేదాన్నిరా" అంది.